పుట్టినతేదీతో అల్లిన చదరం

గణితం చదువుకుంటున్న అమ్మాయికి గాని అబ్బాయికి గాని పుట్టినరోజున ఏ కానుక ఇస్తే బాగుంటుంది? డిగ్రీలోనో ఎమ్మెస్సీలోనో గణితం చదివే పిల్లలున్న ఇళ్ళలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, స్నేహితులు ఎప్పుడో ఒకప్పుడు వేసుకునే ప్రశ్న ఇది. బజారులో దొరికే జవాబులకు కొదవలేదు: ‘పై’ గుర్తు అచ్చువేసిన కాఫీ కప్పు, అంకెల బదులు సూత్రాలు రాసిన గోడగడియారం, 1729 అని రాసిన టీషర్టు. వీటిలో గణితం ఉన్నమాట నిజమే గాని అది బొమ్మలా అతికించిన గణితం; పుచ్చుకున్నవారు దాన్ని చూడడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు, పైగా అదే కప్పును ఆ తరగతిలో ఎవరికిచ్చినా ఒకటే. గణిత విద్యార్థికి నచ్చే కానుక ఆ మనిషికి మాత్రమే చెందినదై ఉండాలి, పుచ్చుకున్న తర్వాత కాసేపు ఆలోచించడానికి అందులో ఏదో ఒకటి మిగిలి ఉండాలి. అటువంటి కానుకను కాగితం, పెన్సిలు, పుట్టినతేదీ ఉంటే ఎవరైనా తయారుచేయవచ్చు. కూడికలు, తీసివేతలు తప్ప వేరే గణితం అక్కరలేదు.

ఆ కానుక పేరు మాయాచదరం. మ్యాజిక్ స్క్వేర్ అన్న పేరుతోనూ చాలామందికి పరిచయమే. గళ్ళుగా విభజించిన చదరంలో ప్రతి గడిలోనూ ఒక సంఖ్య ఉంటుంది. ఏ అడ్డువరుసను కూడినా, ఏ నిలువువరుసను కూడినా, మూల నుంచి ఎదుటి మూలకు పోయే రెండు కర్ణాలలో దేన్ని కూడినా ఒకే మొత్తం రావాలన్నది నియమం. ఒకటి నుంచి తొమ్మిది వరకు అంకెలతో మొత్తం 15 వచ్చే చదరాన్ని చాలామంది పిల్లల పత్రికల్లో చిన్నప్పుడే పూరించి ఉంటారు. ఇక్కడ అడుగుతున్నది అంతకంటే ఒక మెట్టు పైది: పై వరుసలో ఒక మనిషి పుట్టినతేదీ ఉండాలి, మిగతా గళ్ళన్నీ ఆ తేదీకి కట్టుబడి నిండాలి.

మూడు గళ్ళలోని ఇరుకు

2005 ఆగస్టు 14న పుట్టిన విద్యార్థిని ఒకరు ఉన్నారనుకుంటే, తేదీని రోజు, నెల, సంవత్సరంలోని చివరి రెండంకెలుగా విడదీసి 14, 8, 5 అని పై వరుసలో పెట్టవచ్చు. వీటి మొత్తం 27 కాబట్టి ప్రతి వరుసకూ 27 రావాలి. అప్పుడు మిగిలిన ఆరు గళ్ళు ఇలా నిండుతాయి:

14  8  5
0  9  18
13  10  4

నడిమి గడిలోని 9 ఎక్కడి నుంచి వచ్చిందో గమనిస్తే మిగతా కథంతా తేటపడుతుంది. నడిమి గడి గుండా పోయే రెండు కర్ణాలనూ, నడిమి నిలువువరుసనూ కలిపి కూడితే మూడు 27లు వస్తాయి. ఆ కూడికలో పై అడ్డువరుస మొత్తం ఒకసారి, కింది అడ్డువరుస మొత్తం ఒకసారి, నడిమి గడి మూడుసార్లు చేరుతాయి. పై వరుస ఒక 27, కింది వరుస ఒక 27 పోగా మిగిలిన ఒక్క 27 నడిమి గడికి మూడింతలు కావాలి; అందుచేత నడిమి గడిలో 9 తప్ప మరొకటి ఉండడానికి వీల్లేదు. నడిమి సంఖ్య తెలిశాక కర్ణాల సాయంతో కింది మూలలు, ఆ తర్వాత మిగతావి వాటంతటవే తేలిపోతాయి.

ఇందులో ఒక అందం ఉంది, ఒక ఇబ్బందీ ఉంది. చదరం తయారుచేసేవారికి ఇష్టాయిష్టాలకు చోటే లేదు, అంతా తేదీయే నిర్ణయిస్తుంది. ఆ తేదీ సంఖ్యల మొత్తం మూడుతో భాగింపబడకపోతే నడిమి గడిలో భిన్నం వచ్చి కూర్చుంటుంది. ఇంచుమించు మూడింట రెండు వంతుల మంది ఇలా నిరాశపడవలసినవారే. మూడుతో భాగింపబడినంత మాత్రాన గండం గడిచినట్టూ కాదు: 2010 జనవరి 31న పుట్టినవారికి 31, 1, 10 కలిపి 42 వస్తుంది, నడిమి గడిలో 14 చక్కగా కూర్చుంటుంది, కాని రెండు గళ్ళలో సున్నా కంటే తక్కువైన ఋణసంఖ్యలు తప్పవు. కానుకగా ఇవ్వడానికి ఇది మరీ ఇరుకైన చదరం.

నాలుగు గళ్ళలోని వెసులుబాటు

చదరాన్ని ఒక్క గడి పెంచితే పరిస్థితి ఎంత మారుతుందో తెలియాలంటే ‘స్వేచ్ఛాంకాలు’ అన్న భావనను పరిచయం చేసుకోవాలి. నెలజీతం ఇంతని తెలిసిన ఇంట్లో అద్దెకు, బియ్యానికి, పిల్లల ఫీజుకు ఎంత పోతుందో చెప్పేస్తే, పాలకు ఎంత మిగులుతుందో వేరే చెప్పనక్కరలేదు. నాలుగు ఖర్చులున్నా ఇష్టప్రకారం నిర్ణయించుకోగలిగినవి మూడే. అద్దె, పాలు కలిపి సరిగ్గా సగం జీతం కావాలని ఇంటిపెద్ద మరో షరతు పెడితే ఆ మూడూ రెండవుతాయి. ఇలా ప్రతి కొత్త షరతూ ఒక్కొక్క స్వేచ్ఛను మింగుతూ పోతుంది. అయితే పాత షరతుల్లోనే ఇమిడి ఉన్న విషయాన్ని మరో మాటలో చెప్పిన షరతు మాత్రం దేన్నీ మింగదు.

మూడు గళ్ళ చదరంలో పై వరుస నింపాక ఆరు గళ్ళు ఖాళీగా ఉంటాయి. వాటిమీద ఉన్న షరతులు రెండు అడ్డువరుసలు, మూడు నిలువువరుసలు, రెండు కర్ణాలు, వెరసి ఏడు. అడ్డువరుసలన్నీ సరిపోయి రెండు నిలువువరుసలు కూడా సరిపోతే మూడో నిలువువరుస తప్పకుండా సరిపోతుంది కాబట్టి ఏడింటిలో ఒకటి దండగ షరతు. ఆరు గళ్ళకు ఆరు షరతులు, మిగిలిన స్వేచ్ఛ సున్నా. నాలుగు గళ్ళ చదరంలో అయితే పై వరుస పోగా పన్నెండు గళ్ళు ఖాళీ; షరతులు మూడు అడ్డు, నాలుగు నిలువు, రెండు కర్ణాలు కలిపి తొమ్మిది, అందులో ఒకటి దండగ. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు. అంటే పుట్టినతేదీని పై వరుసలో పెట్టిన తర్వాత కూడా తయారుచేసేవారి చేతిలో నాలుగు సంఖ్యలు మిగిలి ఉంటాయి. కానుకలో ఇచ్చేవారి ముద్ర పడేది ఇక్కడే.

తేదీ చదరాలలో బాగా ప్రసిద్ధమైనది శ్రీనివాస రామానుజన్ పేరిట ప్రచారంలో ఉంది. ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించాడు. ఆ తేదీని రోజు, నెల, సంవత్సరంలోని రెండు సగాలు అనే నాలుగు ముక్కలుగా 22, 12, 18, 87 అని పై వరుసలో పెట్టిన ఈ చదరంలో ప్రతి వరుస మొత్తమూ 139:

22  12  18  87
88  17  9  25
10  24  89  16
19  86  23  11

దీన్ని చూసినవారు ఇంత చక్కని అమరిక మేధావులకే సాధ్యమనుకుని పక్కన పెట్టేస్తారు. అది పొరపాటు. ఈ చదరాన్ని రెండు పొరలుగా విడదీస్తే లోపలి పని బయటపడుతుంది. రోజును అ, నెలను ఇ, శతాబ్దపు సగాన్ని ఉ, సంవత్సరపు సగాన్ని ఎ అనుకుంటే, మొదటి పొర ఇది:

అ  ఇ  ఉ  ఎ
ఎ  ఉ  ఇ  అ
ఇ  అ  ఎ  ఉ
ఉ  ఎ  అ  ఇ

ఇందులో ఏ అడ్డువరుసలోనైనా, ఏ నిలువువరుసలోనైనా, రెండు కర్ణాలలోనైనా నాలుగు అక్షరాలూ ఒక్కొక్కసారి వస్తాయి. ఒక గుర్తు ఏ వరుసలోనూ రెండుసార్లు రాకుండా ఏర్చిన ఇటువంటి అమరికను లాటిన్ చదరం అంటారు. వార్తాపత్రికల్లో వచ్చే సుడోకు కూడా ఆ కుటుంబానికి చెందినదే. అక్షరాల స్థానంలో తేదీ సంఖ్యలు పెడితే మొత్తాలు అప్పటికే సరిపోతాయి గాని, ఒక్కొక్క సంఖ్య నాలుగేసి సార్లు కనబడి చదరం వెలవెలపోతుంది. ఆ లోపాన్ని సరిదిద్దేది రెండో పొర, దాన్ని సవరణల పొర అనవచ్చు:

0  0  0  0
+1  −1  −3  +3
−2  +2  +2  −2
+1  −1  +1  −1

ఈ పొరలో ప్రతి అడ్డువరుస, నిలువువరుస, కర్ణం మొత్తం సున్నా. అందువల్ల మొదటి పొరకు దీన్ని గడికి గడి చేర్చినప్పుడు సంఖ్యలు మారతాయి గాని మొత్తాలు చెక్కుచెదరవు. తేదీ సంఖ్యలు నాలుగూ ఒక్కొక్కటి నాలుగు వరస సంఖ్యలుగా విచ్చుకుంటాయి: 9 నుంచి 12, 16 నుంచి 19, 22 నుంచి 25, 86 నుంచి 89. చదరంలోని పదహారు సంఖ్యలూ ఇవే. సవరణల పొరలో 1887 డిసెంబరు 22కు సంబంధించినది ఏదీ లేదన్నది గమనించదగిన సంగతి. అదే పొర ఎవరి తేదీ మీద వేసినా మాయాచదరం వస్తుంది.

రామానుజన్ నోట్‌బుక్కుల్లోని మొదటి అధ్యాయం మాయాచదరాల గురించే. ఆ నోట్‌బుక్కుల ప్రతిబింబ ముద్రణను టాటా పరిశోధన సంస్థ 1957లో వెలువరించింది. తర్వాతి అధ్యాయాల్లో ఆయన అందుకున్న లోతులతో పోలిస్తే మాయాచదరాలు బడి రోజుల ఆటే. కాని ఆ ఆటలో కూడా ఆయన ఆసక్తి ఒక చదరాన్ని చూపించి మెప్పించడం మీద కాక, చదరాలు పుట్టే పద్ధతి మీద ఉంది.

ఉచితంగా వచ్చే వింతలు

ఈ చదరాన్ని వాట్సాప్‌లో పంచుకునేవారు వరుసలతో ఆగరు. నాలుగు మూలలు కూడితే 139, నడిమి నాలుగు గళ్ళు కూడితే 139, పై అంచు నడిమి జంటను కింది అంచు నడిమి జంటతో కూడితే 139, నాలుగు మూలల్లో ఉన్న నాలుగేసి గళ్ళ చిన్న చదరాలు కూడినా 139 అంటూ ఒక్కొక్కటీ ఒక్కొక్క అద్భుతంలా చూపిస్తారు. గణిత విద్యార్థికి ఇచ్చే కానుక కాబట్టి వీటిలో ఏది నిజంగా అద్భుతమో, ఏది కాదో వేరుచేసి చూడడం అవసరం.

పై, కింది అడ్డువరుసలు రెండూ కలిపితే మొత్తానికి రెండింతలు వస్తుంది. అందులో నాలుగు మూలలు, రెండు అంచుల నడిమి జంటలు ఉంటాయి. నడిమి నిలువువరుసలు రెండూ కలిపినా రెండింతలే వస్తుంది. అందులో అవే నడిమి జంటలు, చదరం నడుమనున్న నాలుగు గళ్ళు ఉంటాయి. రెండింటిలోనూ ఉన్న జంటలను తీసేస్తే నాలుగు మూలల మొత్తమూ నడిమి నాలుగు గళ్ళ మొత్తమూ సమానమని తేలుతుంది. ఇక రెండు కర్ణాలు కలిపితే వచ్చేది కూడా సరిగ్గా ఆ నాలుగు మూలలు, ఆ నడిమి నాలుగు గళ్ళే. అవి రెండూ కలిసి రెండింతలు, రెండూ సమానం, కాబట్టి ఒక్కొక్కటీ ఒక్కొక్క మొత్తం. అంచుల జంటల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. అంటే నాలుగు గళ్ళ మాయాచదరం ఏదైనా సరే, ఎవరు తయారుచేసినా సరే, మూలలు, నడిమి గళ్ళు, అంచుల జంటలు వాటంతటవే సరిపోతాయి. వాటికి ప్రత్యేకంగా చప్పట్లు కొట్టవలసిన పనిలేదు.

మూలల్లోని చిన్న చదరాలను మూలచదరాలు అనుకుంటే, వాటి కథ వేరు. అవి వాటంతటవే సరిపోవు, తయారుచేసేవారు పట్టించుకోవాలి. ఒక మూలచదరం సరిపోయేలా చూస్తే చాలు, మిగతా మూడూ దాని వెంట సరిపోతాయి. ఎందుకంటే పై రెండు మూలచదరాలు కలిస్తే రెండు అడ్డువరుసలు, ఎడమ రెండూ కలిస్తే రెండు నిలువువరుసలు. ఈ ఒక్క కోరిక ఖరీదు ఒక స్వేచ్ఛ. నాలుగులో ఒకటి పోగా మూడు మిగులుతాయి.

ఇరవయ్యొకటో శతాబ్దపు చిక్కు

రామానుజన్ చదరంలోని సవరణల పొరను 2005 ఆగస్టు 14 మీద వేసి చూస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. ఇప్పుడు పై వరుస 14, 8, 20, 5, మొత్తం 47. రోజు 14 నుంచి 17 వరకు, శతాబ్దం 18 నుంచి 21 వరకు విచ్చుకుంటాయి, అంతవరకు బాగానే ఉంది. నెల 5 నుంచి 8 వరకు, సంవత్సరం 4 నుంచి 7 వరకు విచ్చుకుంటాయి కాబట్టి 5, 6, 7 రెండేసిసార్లు వస్తాయి. మొత్తాలు సరిపోయినా ఒకే సంఖ్య రెండు గళ్ళలో కనబడడం మాయాచదరానికి మచ్చే. 87 వంటి పెద్ద సంఖ్య దూరంగా నిలబడే పంతొమ్మిదో శతాబ్దపు తేదీకి, ఇరవయ్యో శతాబ్దంలోని చాలా తేదీలకు ఈ బెడద అంతగా లేదు. ఇప్పుడు కళాశాలల్లో ఉన్న పిల్లల తేదీల్లో నాలుగు సంఖ్యలూ చిన్నవే కావడంతో అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

ఇందుకు మందు ఆ తేదీకి తగిన కొత్త సవరణల పొరను తయారుచేసుకోవడం. మూడు స్వేచ్ఛలు ఉన్నాయి కాబట్టి మూడు సంఖ్యలను ఎంచుకోవచ్చు. రెండో అడ్డువరుస మొదటి గడికి +10, మూడో అడ్డువరుస మొదటి రెండు గళ్ళకు +4, +13 అని ఎంచుకుంటే మిగతావి ఇలా తేలుతాయి. ఎడమ పై మూలచదరం సున్నా కావాలి కాబట్టి +10 పక్కన −10 రావాలి. మొదటి నిలువువరుస సున్నా కావడానికి దాని అడుగున −14, రెండో నిలువువరుస అడుగున −3 చేరాలి. పై కుడి మూల నుంచి కింది ఎడమ మూలకు దిగే కర్ణం సున్నా కావడానికి రెండో వరుస మూడో గడిలో +1, దాని పక్కన −1 రావాలి. ఇలా పోగా పొర మొత్తం ఇదవుతుంది:

0  0  0  0
+10  −10  +1  −1
+4  +13  −4  −13
−14  −3  +3  +14

దీన్ని అక్షరాల పొరకు చేర్చితే 2005 ఆగస్టు 14 చదరం తయారవుతుంది:

14  8  20  5
15  10  9  13
12  27  1  7
6  2  17  22

పదహారు గళ్ళలో పదహారు వేరువేరు సంఖ్యలు, ఋణసంఖ్య ఒక్కటీ లేదు, అడ్డు, నిలువు, కర్ణాలు, మూలచదరాలు అన్నిటికీ 47. ఎంచుకున్న మూడు సంఖ్యల స్థానంలో వేరేవి పెడితే అదే తేదీకి వేరే చదరాలు వస్తాయి. కొన్నింటిలో సంఖ్యలు ఢీకొంటాయి, కొన్నింటిలో ఋణసంఖ్యలు దూరుతాయి. నచ్చినది దొరికేదాకా మార్చి మార్చి చూడడమే ఇక్కడి శ్రమ.

పూరించకుండా ఇవ్వడం

ఈ చదరాన్ని పూర్తిగా నింపి, పటం కట్టించి ఇస్తే అది కూడా కాఫీ కప్పు లాంటిదే అవుతుంది. గణిత విద్యార్థికి దాన్ని విప్పే పని మిగల్చడం మేలు. మూడు స్వేచ్ఛలు ఉన్న చదరాన్ని నిర్ణయించడానికి పై వరుస గాక సరిగ్గా ఎంచిన మూడు సంఖ్యలు చాలునన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. కార్డు మీద పదహారు ఖాళీ గళ్ళు గీసి, రెండో అడ్డువరుస మొదటి గడిలో 15, మూడో అడ్డువరుస మొదటి రెండు గళ్ళలో 12, 27 మాత్రం రాసి, పై వరుసను పుట్టినరోజు చేసుకుంటున్నవారే నింపుకోవాలనీ, అడ్డు, నిలువు, కర్ణాలు, మూలచదరాలు అన్నిటికీ ఒకే మొత్తం రావాలనీ కింద ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. మొత్తం ఎంతో కూడా చెప్పనక్కరలేదు. పై వరుసలో ఏముండాలో స్ఫురించిన క్షణాన 47 దానంతటదే బయటపడుతుంది.

ఆ తర్వాత దారి కొంతదూరం నల్లేరు మీద బండి నడకే. ఎడమ పై మూలచదరంలో 14, 8, 15 ఉన్నాయి కాబట్టి నాలుగోది 10. మొదటి నిలువువరుస అడుగున 6, రెండో నిలువువరుస అడుగున 2 వస్తాయి. 5, 27, 6 ఉన్న కర్ణంలో మిగిలిన గడికి 9, దాని పక్కన 13. ఇక్కడికి వచ్చేసరికి కుడి అడుగున నాలుగు గళ్ళు మిగిలి, ఏ వరుసను చూసినా రెండేసి ఖాళీలు కనబడతాయి. ఒక్క కూడికతో తేలే గడి ఒక్కటీ ఉండదు. మూడో అడ్డువరుసలోని రెండు ఖాళీలు కలిపి 8, నాలుగో నిలువువరుసలోని రెండు ఖాళీలు కలిపి 29, కర్ణంలోని రెండు ఖాళీలు కలిపి 23 కావాలని గ్రహించి, ఆ మూడు సమాచారాలనూ ముడివేసి చూస్తే తప్ప 1, 7, 17, 22 బయటపడవు. కార్డు తయారుచేసినవారు ఈ చివరి ముడిని వేరే వేయలేదు, అది నిర్మాణంలోనే ఉంది. కాని పుచ్చుకున్నవారికి కాసేపు పెన్సిలు కొరికించేది అదే.

మొదటి మూడు ఆధారాలను ఎక్కడైనా ఇవ్వవచ్చునని అనుకోకూడదు. ఉదాహరణకు 15తో పాటు దాని పక్కనున్న 10ని కూడా ఆధారంగా ఇస్తే ఒక ఆధారం వృథా అయినట్టే, ఎందుకంటే 15 తెలిసినవారికి 10 ఎలాగూ తెలుస్తుంది. కార్డును కవరులో పెట్టే ముందు తయారుచేసినవారు ఒకసారి కొత్తవారిలా మొదటి నుంచి పూరించి చూసుకోవడం మంచిది.

యంత్రం నుంచి లెక్క దాకా

మాయాచదరాలను మన దేశంలో చాలామంది మొదట చూసేది గణిత పుస్తకంలో కాదు, రాగిరేకు మీద. నవగ్రహ యంత్రాలుగా అమ్ముడుపోయే మూడు గళ్ళ చదరాలలో సూర్యయంత్రం మొత్తం 15, చంద్రుడిది 18, కుజుడిది 21, అలా మూడేసి పెరుగుతూ కేతువుకు 39 అవుతుంది. 1 నుంచి 9 వరకు అంకెలున్న సూర్యయంత్రంలోని ప్రతి గడికీ ఒకటి కలిపితే చంద్రయంత్రం, మరొకటి కలిపితే కుజయంత్రం వస్తాయి. గడికి ఒకటి పెరిగితే వరుసకు మూడు పెరుగుతుంది. తొమ్మిది రేకుల వెనుక ఉన్న లెక్క ఇంతే, దానికి అదృష్టంతో గాని అనారోగ్యంతో గాని సంబంధం లేదు.

ఈ దేశంలోనే మాయాచదరాలను లెక్కగా చూసిన సంప్రదాయం కూడా పాతదే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పరిమళద్రవ్యాల పాళ్ళు చెప్పడానికి నాలుగు గళ్ళ చదరం వాడాడు. అందులో 1 నుంచి 8 వరకు సంఖ్యలు రెండేసిసార్లు వచ్చి, ఏ వరుస తీసుకున్నా 18 పాళ్ళు అవుతాయి. ఖజురాహోలోని పార్శ్వనాథ జైనాలయంలో చెక్కిన చదరంలో 1 నుంచి 16 వరకు సంఖ్యలతో మొత్తం 34 వస్తుంది. 1356లో గణితకౌముది రాసిన నారాయణ పండితుడు మాయాచదరాలకు భద్రగణితం అన్న పేరుతో ఒక అధ్యాయమే కేటాయించి, వాటిని తయారుచేసే పద్ధతులను క్రమంగా వివరించాడు. ఐరోపాలో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ‘మెలంకోలియా’ అనే చెక్కుడుచిత్రంలో నాలుగు గళ్ళ చదరం పెట్టి, దాని కింది వరుస నడుమ 15, 14 పక్కపక్కన వచ్చేలా ఏర్చాడు. ఆ చిత్రం చెక్కిన సంవత్సరం 1514. తేదీని చదరంలో దాచడం రామానుజన్ కంటే చాలా ముందటి సరదా అన్నమాట. 1 నుంచి 16 వరకు సంఖ్యలతో నాలుగు గళ్ళ మాయాచదరాలు, తిప్పినవీ బోర్లించినవీ ఒకటిగానే లెక్కిస్తే, సరిగ్గా 880 ఉన్నాయి. ఖజురాహో చదరమూ డ్యూరర్ చదరమూ ఆ 880లోవే.

పెద్దవారికి వయసు చదరం

విద్యార్థికి కాక ఆ విద్యార్థికి పాఠం చెప్పిన మాష్టారికి షష్టిపూర్తి అయితే పద్ధతి ఇంకా సులువు. 1 నుంచి 12 వరకు సంఖ్యలను స్థిరమైన చోట్ల పెట్టి, ప్రతి వరుసకూ కర్ణానికీ ఒక్కొక్కటి వచ్చేలా ఏర్చిన నాలుగు గళ్ళను మాత్రం వయసును బట్టి నింపితే చాలు. అరవై ఏళ్ళకు ఆ నాలుగు గళ్ళలో 39, 40, 41, 42 వస్తాయి:

8  11  40  1
39  2  7  12
3  42  9  6
10  5  4  41

మరుసటి ఏడు ఆ నాలుగు గళ్ళకూ ఒక్కొక్కటి కలిపితే 61 చదరం సిద్ధం. 34 ఏళ్ళు నిండినవారందరికీ ఇది పనిచేస్తుంది. అంతకంటే చిన్నవారికి ఆ నాలుగు సంఖ్యలు చిన్నవైపోయి మిగతావాటితో ఢీకొంటాయి. పిల్లలకు తేదీ, పెద్దలకు వయసు వాడడం ఉత్తమం.

అంకెల హారం

చదరం గీసే తీరిక లేనివారికి మరో కానుక ఉంది, దాని పుట్టుక తెలుగువారికి దగ్గరిది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో కొన్ని గుణకారాలు ఉన్నాయి; వాటి లబ్ధాలు ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండి మెడలోని హారాన్ని తలపిస్తాయి కాబట్టి ఆయన వాటిని హారాలుగానే చెప్పాడు. ఈ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు; పావులూరి గణితంగా పేరొందిన అది తెలుగులో వచ్చిన తొలి గణిత గ్రంథంగా ప్రసిద్ధికెక్కింది. మహావీరుడి హారాల్లో 139ని 109తో గుణిస్తే వచ్చే 15151 ఒకటి. రామానుజన్ చదరం మొత్తమూ 139 కావడం కేవలం కాకతాళీయమే అయినా, గణిత విద్యార్థికి చెప్పదగిన కాకతాళీయం. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్లు వస్తాయన్నది మరో హారం. పద్దెనిమిదో పుట్టినరోజున అదే సంఖ్యను 18తో గుణించమంటే 222222222 వస్తుంది, ఇరవయ్యేడో పుట్టినరోజున 27తో గుణించమంటే తొమ్మిది మూళ్ళు వస్తాయి.

మూడో హారం పుట్టినతేదీకి చక్కగా అమరుతుంది. 152207ని 73తో గుణిస్తే 11111111 వస్తుందని మహావీరుడు చూపాడు. ఇక్కడి 152207 అన్నది 1111కు 137 రెట్లు. 73ని 137తో గుణిస్తే 10001 వస్తుంది. ఏ నాలుగంకెల సంఖ్యనైనా 10001తో గుణిస్తే అదే సంఖ్య పక్కపక్కన రెండుసార్లు వస్తుంది. అందుచేత ఆగస్టు 14ను 1408 అని రాసి, దాన్ని క్యాలిక్యులేటర్‌లో మొదట 73తో, ఆ తర్వాత 137తో గుణించమంటే తెరమీద 14081408 కనబడుతుంది. మధ్యలో వచ్చే 102784 చూస్తే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. నెలలో తొమ్మిదో తేదీ లోపు పుట్టి, తేదీ ఒంటి అంకె అయినవారు ముందు సున్నా ఉంచి నాలుగంకెలుగా ఆలోచించుకోవాలి; తెర మీద ఆ మొదటి సున్నా మాత్రం కనబడదు.

ఏ కానుక తయారుచేసినా, ఇచ్చే ముందు ప్రతి మొత్తాన్నీ మరోసారి కూడి చూసుకోవాలి. గణిత విద్యార్థి కవరు విప్పగానే చేసే మొదటి పని అదే.